పోలీసు ఫిర్యాదు ఇంటినుండియే చేయు విధము

మన సంఘ సభ్యులలో ఒకరి ఇంట జరిగిన సంగతితో ఈ వ్యాసమును ప్రారంభించుచున్నాము. వారి పేరుగాని, ఊరుగాని వ్రాయుట లేదు. ఇప్పటికే వారు పడిన మాటలు చాలును.

వారు షావుకారు ఇచ్చిన పట్టు, జరీలతో ఇంటివద్దనే నేయువారు. ఒక రాత్రి వెనుక తలుపు గొళ్ళెము ఊడదీసి ఎవరో మగ్గమింట ప్రవేశించిరి. ఒక పడుగునకు సరిపడు పట్టు, జరీ రీళ్ళు, నేసి మడతపెట్టిన రెండు చీరలు పోయినవి. తెల్లవారిన తరువాత ఇంటిల్లిపాది ఏడ్చిరి. ఇరుగుపొరుగువారు వచ్చి చూచి వెళ్ళిరి. పోలీసు స్టేషనుకు మాత్రము ఎవరును వెళ్ళలేదు. “మూడు తరాలనుంచి ఇక్కడే ఉన్నాం. బజారులో వాళ్ళ భాష బాగానే మాట్లాడతాం. కాని రాయమంటే మాకు రాదు. స్టేషనుకు పోతే రోజంతా కూర్చోబెడతారు, మగ్గం ఆగిపోతుంది” అని ఆయన మాతో తరువాత చెప్పినారు.

మూడు వారములైన పిమ్మట షావుకారు లెక్క అడిగినాడు. “అయ్యా, దొంగలెత్తుకుపోయారు” అని ఈయన చెప్పగా, “ఎత్తుకుపోతే ఇన్నాళ్ళూ ఊరుకున్నావేమయ్యా? రిపోర్టు ఏది?” అని ఆయన అడిగినాడు. రిపోర్టు లేదు. నాటినుండి చీరకింత అని మజూరిలో కోత పడుచున్నది. అంతకన్న పెద్ద నష్టము, సరుకు తానే అమ్ముకొన్నాడన్న మాట వీధిలో పుట్టుట. నాలుగు నెలల తరువాత ఆయన మావద్దకు వచ్చినపుడు, ఆయన పక్షమున చూపుటకు మాచేత ఒక్క కాగితము కూడ లేకపోయెను.

ఇంకొక సభ్యునికి బస్సులో చీరల మూట పోయినది. ఇంటికి చేరిన రాత్రియే ఆయన కుమార్తె సెల్‌ఫోనులో పోలీసు వెబ్‌సైటు తెరచి ఫిర్యాదు వ్రాసినది. ఒక నంబరు వచ్చినది. రెండవనాడు స్టేషనునుండి ఫోను వచ్చినది. ఆయన వెళ్ళి సంతకము చేసి, ఎఫ్.ఐ.ఆర్. నకలు తెచ్చుకొన్నారు. ఆ చీరలు నేటికిని దొరకలేదు. అయినను షావుకారు ఆ కాగితమును చూచి నష్టములో సగము తాను భరించినాడు. ఆయనను ఒక్కరును వేలెత్తి చూపలేదు.

ఈ రెండు సంగతులకును నడుమనున్న తేడా ఒక్క కాగితమే. పరుల సరుకు మన ఇంటిలో ఉంచుకొని బ్రతుకు వృత్తి మనది. అందుచేత ఫిర్యాదు చేయుట దొంగను పట్టుకొనుటకు మాత్రమేగాక మన మాటను నిలుపుకొనుటకు కూడ అవసరము. దానిని ఇంటినుండియే చేయు మార్గము ఇప్పుడు ఉన్నది గనుక ఆ విధమును ఇక్కడ వివరించుచున్నాము.

మొదట తొందర ఏదో తెలిసికొనవలెను

దొంగ ఇంకను ఇంటిలోనున్నపుడు, కొట్లాట జరుగుచున్నపుడు, ప్రాణమునకు అపాయమున్నపుడు, అగ్ని ప్రమాదమున ఫారములు నింపుచు కూర్చొనరాదు. 112 నంబరునకు ఫోను చేయవలెను. ఇది దేశమంతటికి ఒకే నంబరు. పోలీసు, అగ్నిమాపక దళము, అంబులెన్సు మూడును దీనికి స్పందించును. రైలులో సామాను పోయినచో 139 నంబరునకు చెప్పి, రైల్వే పోలీసులకు ఫిర్యాదు ఇయ్యవలెను.

డబ్బు మోసము కూడ తొందర విషయమే. దానిని గూర్చి వేరుగా వ్రాసితిమి. జరిగిపోయిన దొంగతనము, పోయిన పత్రములు, బెదిరింపు ఉత్తరములు, సామాను పాడుచేయుట వంటివి ఇంటినుండి వ్రాసి పంపదగినవి.

పోయినదా, దొంగిలించినదా?

మనవారు ఎక్కువగా పొరబడునది ఇక్కడనే. పోలీసు వెబ్‌సైటులలో సాధారణముగా రెండు వేరు వేరు దారులుండును. ఒకటి పోగొట్టుకొన్న వస్తువులకు, రెండవది నేరముల ఫిర్యాదునకు. తమిళనాడులో పోయిన పత్రముల రిపోర్టునకు ప్రత్యేక సేవ ఉన్నది. కర్ణాటకలో ‘ఈ-లాస్ట్’ అను సేవ ఇట్టిదే. ఆధారు కార్డు, నేత కార్మికుల గుర్తింపు కార్డు, బండి కాగితములు, పాసుబుక్కు జారిపోయినచో ఈ దారిన వెళ్ళవలెను. వచ్చిన రసీదును చూపి నకలు పత్రములు పొందవచ్చును.

కాని ఆ రసీదుమీద దర్యాప్తు జరుగదు. వస్తువు పోయినదని మనము చెప్పినట్లు సాక్ష్యము మాత్రమే అది. కనుక తాళము పగులగొట్టి ఎత్తుకొనిపోయిన జరీని పోగొట్టుకొన్న వస్తువుల పట్టీలో వ్రాయరాదు. సులభముగా పని తేలునని ఎవరైన సలహా చెప్పినను వినరాదు. దొంగతనము జరిగినచో దొంగతనమనియే వ్రాయవలెను. తరువాత భీమా కంపెనీగాని, షావుకారుగాని అడిగినపుడు ‘పోగొట్టుకొన్నాను’ అన్న కాగితము మనకే అడ్డు తగులును.

సెల్‌ఫోను పోయినచో ఇంకొక పని కూడ ఉన్నది. పోలీసు ఫిర్యాదు నకలుతో కేంద్ర ప్రభుత్వపు ‘సంచార్ సాథీ’ వెబ్‌సైటులో వ్రాసినచో ఆ ఫోను ఏ సిమ్ముతోను పనిచేయకుండ ఆపివేయుదురు. దీనికి ఫోనుయొక్క 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. నంబరు కావలెను. ఫోనులో *#06# నొక్కినచో అది కనబడును. ఫోను మన చేతిలోనున్న ఈనాడే దానిని పుస్తకములో వ్రాసి ఉంచుకొనవలెను.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దాని 173వ సెక్షను మనకు ముఖ్యము. అందలి సారాంశము ఇది:

1. పోలీసులు తమంత తాము దర్యాప్తు చేయదగిన నేరమును గూర్చి సమాచారమును నోటిమాటగానైనను, ఎలక్ట్రానిక్ సాధనము ద్వారానైనను ఇయ్యవచ్చును. నోటిమాటగా చెప్పినచో స్టేషను అధికారి వ్రాసికొని, మనకు చదివి వినిపించవలెను. అప్పుడే సంతకము.

2. ఎలక్ట్రానిక్ సాధనము ద్వారా పంపినచో మూడు దినములలోగా సంతకము చేయవలెను. ఈ గడువును మరచినచో పంపినది వృథా కావచ్చును. ఫోనులో పంపితిమి గదా అని ఊరకుండువారు దీనిని గట్టిగా గుర్తుంచుకొనవలెను.

3. నేరము ఏ స్టేషను పరిధిలో జరిగినను, ఏ స్టేషనులోనైనను సమాచారము ఇయ్యవచ్చును. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అందురు. వారు నమోదుచేసి తగిన స్టేషనుకు పంపుదురు.

4. నమోదైన సమాచారము నకలును ఫిర్యాదిదారునకు ఉచితముగా ఇయ్యవలెను.

దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో 90 దినములలోగా ఫిర్యాదిదారునకు తెలియజేయవలెనని అదే చట్టపు 193వ సెక్షను చెప్పుచున్నది. ఇట్టి నేరము వెల్లడియైనపుడు ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయుట తప్పనిసరియని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో తీర్పు చెప్పియున్నది.

నేరములన్నియు ఒకే తీరువి కావు. ఐదువేల రూపాయలకు తక్కువ విలువగల మామూలు దొంగతనమును భారతీయ న్యాయ సంహిత వేరుగా చూచుచున్నది. అట్టిదానిలో పోలీసులు పుస్తకమున వ్రాసికొని, మనలను మేజిస్ట్రేటు వద్దకు వెళ్ళుమందురు. మేజిస్ట్రేటు ఉత్తరువు లేనిదే దర్యాప్తు చేయజాలరు. అయితే నివసించు ఇంటనుండిగాని, సొత్తు భద్రపరచు కట్టడమునుండిగాని, సరుకును మనుష్యులను చేరవేయు బండినుండిగాని దొంగిలించుట 305వ సెక్షను క్రిందికి వచ్చును. దానికి ఏడు సంవత్సరములవరకు శిక్ష ఉన్నది. మన మగ్గమిల్లు, మన సరుకు గది, మనము మూటలు వేసికొనిపోవు బస్సు ఇవన్నియు ఇందులోనివే. కనుక ‘చిన్న దొంగతనము’ అని ఎవరైన కొట్టివేసినచో, అది ఎక్కడ జరిగినదో మర్యాదగా గుర్తుచేయవలెను.

చేయు విధము

ప్రతి రాష్ట్రపు పోలీసు శాఖకు వెబ్‌సైటు ఉన్నది. కొన్నిటికి సెల్‌ఫోను యాప్ కూడ కలదు. పేర్లు, పట్టీలు వేరైనను నడక ఇంచుమించుగా ఒక్కటే. మొదట మన ఫోను నంబరు ఇచ్చి ఖాతా తెరువవలెను. ఫోనుకు వచ్చిన అంకెలను అందులో వ్రాయవలెను. తరువాత ఫిర్యాదు పట్టీ తెరచి పేరు, చిరునామా, జిల్లా, స్టేషను ఎన్నుకొనవలెను. జరిగినదానిని వ్రాసి, ఫొటోలు, రసీదులు జతపరచి పంపవలెను. చివర వచ్చిన నంబరును కాగితముమీద వ్రాసికొనవలెను. ఫోను పోయినను నంబరు ఉండవలెను గదా! ఆ నంబరుతో ఫిర్యాదు ఏ స్థితిలోనున్నదో అప్పుడప్పుడు చూచుకొనవచ్చును.

ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. ఇట్లు పంపినది వెంటనే ఎఫ్.ఐ.ఆర్. కాదు. చాలచోట్ల అది ఫిర్యాదుగా చేరును. స్టేషనువారు విచారించి, పిలిచి, సంతకము తీసుకొని నమోదు చేయుదురు. కాబట్టి స్టేషను గడప త్రొక్కనే అక్కరలేదని మేము చెప్పుట లేదు. మనము చెప్పిన తేదీ, చెప్పిన మాట ముందుగానే నమోదై ఉండుటవలన ఆ గడప త్రొక్కుట సులువగును.

ఏమి వ్రాయవలెను?

ఏడ్పులు, అనుమానములు, పాత తగవులు వ్రాయరాదు. ఎప్పుడు, ఎక్కడ, ఏమి, ఎంత, ఎవరు చూచిరి అన్న ఐదింటికి జవాబులు వ్రాసిన చాలును. మాదిరి ఒకటి ఇచ్చుచున్నాము:

“అయ్యా, నేను ఫలానా వీధి, ఫలానా ఇంటిలో నివసించు చేనేత పనివాడను. ఫలానా తేదీ రాత్రి పది గంటలకు మగ్గమిల్లు తాళము వేసి నిద్రించితిని. మరునాడు ఉదయము ఐదు గంటలకు చూడగా తాళము పగులగొట్టియుండెను. ఈ క్రింది సామాను కనబడలేదు: పట్టు ఇన్ని కిలోలు, జరీ రీళ్ళు ఇన్ని, నేసిన చీరలు ఇన్ని. మొత్తము విలువ ఇన్ని రూపాయలు. సరుకు ఇచ్చిన షావుకారు చీటీ నకలును, తాళము, గది ఫొటోలను జతపరచితిని. ఫలానావారు చూచినారు. నమోదుచేసి నకలు ఇప్పించ ప్రార్థన.”

విలువ వ్రాయునపుడు మనవారు తరచు నూలు ఖర్చు మాత్రమే వ్రాయుదురు. నేసిన చీరకు మజూరి, రంగు, జరీ కలిసిన విలువ ఉన్నది. దానినే వ్రాయవలెను. అట్లని ఒక్క రూపాయి కూడ పెంచి వ్రాయరాదు.

గుర్తుల విషయములో మనకున్న నేర్పు ఇతరులకు లేదు. తాను నేసిన చీరను నేతగాడు వేయింటిలో గుర్తుపట్టగలడు. కాని ఆ గుర్తు మన కంటిలో ఉన్నచో పోలీసులకు ఉపయోగము లేదు; కాగితముమీద ఉండవలెను. అంచు రంగు, పేటు వెడల్పు, బుటా తీరు, కొంగు పని, ఎక్కడనైన పోగు తప్పిన చోటు, ఇవి వ్రాయవలెను. సిల్క్ మార్కు, హ్యాండ్‌లూమ్ మార్కు చీటీలున్నచో వాటి నంబర్లు వ్రాయవలెను. నేత ముగిసిన ప్రతి చీరకు మగ్గము దింపగానే రెండు ఫొటోలు తీసి ఉంచు అలవాటు చేసికొన్నచో ఇదంతయు సులభము.

భాష, ఎల్ల

మనవారు షోలాపూరు, భివండీలలో మరాఠీ నడుమ, బరంపురములో ఒడియా నడుమ, సేలము, కోయంబత్తూరు, కంచిలలో తమిళము నడుమ, బెంగుళూరు, దొడ్డబళ్ళాపురములలో కన్నడము నడుమ బ్రతుకుచున్నారు. ఇంట తెలుగు, వీధిలో వేరొక భాష. పెద్దలకు స్థానిక లిపి రాదు. పిల్లలకు తెలుగు లిపి రాదు. అందుచేత ఒక ఉపాయము చెప్పుచున్నాము. జరిగినదానిని పెద్దలు తెలుగులో తమ మాటగా చెప్పవలెను. బడికి పోవు పిల్లలు దానిని స్థానిక భాషలో వ్రాసి, పంపకముందు మరల తెలుగులో చదివి వినిపించవలెను. పెద్దలు తలయూపిన తరువాతనే పంపవలెను. స్టేషనులోను అంతే. చదివి వినిపించనిదే సంతకము చేయనక్కరలేదు. అర్థము కానిచో “నిదానముగా చెప్పండి” అని అడుగుట తప్పు కాదు.

యానాము సోదరులది వేరొక చిక్కు. పుదుచ్చేరి పాలన క్రింద ఉన్న ఆ ఊరిచుట్టును ఆంధ్రప్రదేశ్ నేలయే. ఇంటినుండి బయలుదేరి కాకినాడ బజారుకు పోవువేళకు పోలీసు శాఖయే మారిపోవును. మూట దారిలో పోయినచో ఎవరికి చెప్పవలెనన్న ప్రశ్న మునుపు ఉండెడిది. ఇప్పుడు పైన చెప్పిన జీరో ఎఫ్.ఐ.ఆర్. పద్ధతి చట్టములోనే ఉన్నది గనుక ఇంటికి దగ్గరనున్న స్టేషనులో చెప్పవచ్చును. బెంగుళూరులో సరుకు పోగొట్టుకొన్న సేలమువాసికిని, పూనాలో పోగొట్టుకొన్న షోలాపూరువాసికిని ఇదే వర్తించును.

డబ్బు మోసములు

సరుకును ఫోనులో చూపి అమ్మువారు మనలో పెరిగినారు. మోసములును పెరిగినవి. డబ్బు పంపినట్లు దొంగ ఫొటో చూపుట ఒకటి. “ఈ గుర్తును స్కాన్ చేస్తే మీకు డబ్బు వస్తుంది” అని చెప్పి మన ఖాతానుండి లాగుట రెండవది. డబ్బు తీసుకొనుటకు మన రహస్య సంఖ్య ఎన్నడును కొట్టనక్కరలేదు. కొట్టమన్నచో అది మోసమే.

అట్లు డబ్బు పోయినచో ఒక్క నిమిషమైన ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను. తరువాత జాతీయ సైబర్ నేరముల వెబ్‌సైటులో వివరములు వ్రాయవలెను. డబ్బు ఒక ఖాతానుండి వేరొక ఖాతాకు వేగముగా దాటిపోవును. దాటిపోకముందే బ్యాంకువారిచేత ఆపించుట ఈ ఏర్పాటుయొక్క పని. రేపు చూతమన్నచో ఆపుటకు ఏమియు మిగులదు. బ్యాంకుకు కూడ వెంటనే తెలుపవలెను.

సరుకు తీసుకొని డబ్బు ఆలస్యము చేయు వ్యాపారి సంగతి వేరు. మొదటినుండి మోసగించు ఉద్దేశ్యముతో సరుకు తీసుకొన్నచో అది నేరము. బేరము బాగుగా జరిగి తరువాత బాకీ పడినచో అది సాధారణముగా సివిలు విషయము. పోలీసులు బాకీ వసూలు చేయువారు కారు. ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉన్న చిన్న ఉత్పత్తిదారులకు 2006 చట్టము ప్రకారము బాకీ గరిష్ఠముగా 45 దినములలో రావలెను. రానిచో ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా ఫిర్యాదు చేయవచ్చును. ఆ దారియే మేలు.

తీసుకొననిచో ఏమి చేయవలెను?

స్టేషను అధికారి ఫిర్యాదును నమోదు చేయ నిరాకరించినచో గట్టిగా అరవనక్కరలేదు. మనము పంపిన నంబరు, తేదీ చూపి, సారాంశమును జిల్లా సూపరింటెండెంటుకు తపాలాలో పంపవచ్చునని 173వ సెక్షనులోనే ఉన్నది. రిజిస్టరు చేసి పంపి రసీదు ఉంచుకొనవలెను. అక్కడను ఫలితము లేనిచో మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసికొనవచ్చును. మూడు సంవత్సరములనుండి ఏడు సంవత్సరములలోపు శిక్షగల నేరములలో పై అధికారి అనుమతితో 14 దినముల ప్రాథమిక విచారణ జరుపుటకు పోలీసులకు అధికారమున్నది. ఆ విచారణను నిరాకరణగా భావింపరాదు.

జాగ్రత్తలు

పోలీసు ఫిర్యాదునకు రుసుము లేదు. డబ్బు అడుగు వెబ్‌సైటు దొంగది. ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామా చివర ‘జి.ఓ.వి. డాట్ ఇన్’ అని ఉండును, చూచి తెరువవలెను. పోలీసులమని వీడియోలో కనబడి “మిమ్మల్ని అరెస్టు చేశాం, డబ్బు పంపండి” అనువారు మోసగాండ్రు. అట్టి అరెస్టు చట్టములో లేదు.

పగవానిపై కోపముతో అబద్ధపు ఫిర్యాదు వ్రాయరాదు. ఒకనికి హాని కలుగునట్లు అధికారికి తెలిసి తెలిసి అబద్ధము చెప్పుట శిక్షార్హము. భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షను ప్రకారము ఒక సంవత్సరమువరకు జైలుగాని, పదివేల రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని పడవచ్చును. పేరు తెలియనిచో ‘తెలియని వ్యక్తి’ అని వ్రాసిన తప్పులేదు. ఊహించి పొరుగువాని పేరు వ్రాయుటయే తప్పు.

మా విన్నపము

ప్రతి ఊరి శాఖవారు చదువుకొన్న యువతీయువకులను ఇద్దరిని ఈ పనికి నియమింపవలెనని కోరుచున్నాము. వారు వారమునకొక సాయంకాలము సంఘ భవనములో కూర్చొని, సభ్యులకు ఖాతాలు తెరచి ఇచ్చుట, ఫోనుల ఐ.ఎం.ఇ.ఐ. నంబర్లు పుస్తకములలో వ్రాసి ఇచ్చుట, ఫిర్యాదులు వ్రాసి చదివి వినిపించుట చేయవచ్చును. ఇందుకు ఖర్చు లేదు, ఓపిక కావలెను.

మొదట చెప్పిన సభ్యునివద్దకు మేము ఇటీవల మరల వెళ్ళితిమి. ఆలస్యమైనను ఫిర్యాదు వ్రాయవచ్చునని చెప్పి, ఆలస్యమునకు కారణమును ఉన్నదున్నట్లు వ్రాయించితిమి. నంబరు వచ్చినది. ఆయన దానిని మగ్గము ప్రక్క గోడమీద బొగ్గుతో వ్రాసికొన్నారు. సరుకు దొరకునని మేము ఆశ పెట్టలేదు. “దొరక్కపోయినా ఫరవాలేదండి, చెప్పానని ఉంది గదా” అని ఆయన అన్నారు. సంతకము చేయుటకు మూడవనాడే స్టేషనుకు తీసుకొనిపోయితిమి. ఆ అధికారి చదివి వినిపించినారు. ఆయన తెలుగులో సంతకము చేసినారు.